హాస్టల్లో మీ పిల్లల్ని తోటివాళ్ళు ఏడిపిస్తున్నారేమోనని అనుమానంగా ఉందా? ఇలా చేయండి

దసరా సెలవులు అయిపోవస్తున్నాయంటే ఒకటే ప్రశ్న రకరకాల గొంతుల్లో వస్తుంది. "మావాడు మళ్ళీ హాస్టల్‌కి వెళ్ళనంటున్నాడండీ. ఫీజు మొత్తం కట్టేశాం. బద్ధకమా, చదువు బరువా, లేక అక్కడ ఎవరైనా ఏడిపిస్తున్నారా? ఎలా తెలుసుకోవాలి?" సంక్రాంతికి మళ్ళీ ఇదే. గూడవల్లి, నిడమానూరు, పోరంకి, గోరంట్ల హాస్టళ్ళలో పిల్లల్ని ఉంచిన పల్నాడు, ప్రకాశం, కృష్ణా జిల్లాల వాళ్ళే ఎక్కువగా అడుగుతారు. విడివిడిగా చెప్పే బదులు వరసగా రాస్తున్నాను. డే స్కాలర్ల తల్లిదండ్రులకూ చాలావరకు ఇదే దారి.

ముందుగా ఒక తేడా. ఇద్దరు సమఉజ్జీలు ఒకరోజు కొట్టుకుని మర్నాడు కలిసి టిఫిన్ చేస్తే అది గొడవ. ఒకరి మీదే మళ్ళీ మళ్ళీ జరుగుతూ, ఆ ఒక్కరు ఎదిరించలేని స్థితిలో ఉంటే అది వేధింపు. కొట్టడమే అక్కర్లేదు. పేరు పెట్టి పిలవడం, రంగు మీద, కులం మీద మాటలు విసరడం, మెస్‌లో పక్కన కూర్చోనివ్వకపోవడం, అందరూ కూడబలుక్కుని మాట్లాడటం మానేయడం కూడా వేధింపే. ఆడపిల్లల హాస్టళ్ళలో ఈ చివరిది ఎక్కువ. బయటికి ఏమీ కనిపించదు కాబట్టి పెద్దవాళ్ళు దాన్ని లెక్కలోకే తీసుకోరు.

దగ్గర పెట్టుకోవలసినవి

- ఒక నోటుబుక్కు. ఫోన్లో రాసుకోవద్దు, పిల్లల చేతికి వెళుతుంది.
- అడ్మిషన్ కాగితాలు, ఫీజు రసీదులు.
- అదే సెక్షన్లో ఉన్న ఒకరిద్దరు పిల్లల తల్లిదండ్రుల నంబర్లు.
- 1098 (చైల్డ్ హెల్ప్‌లైన్), 14416 (టెలీ మానస్, మానసిక ఆరోగ్య సలహా), 112 (పోలీసు). మొదటి రెండూ ఉచితం, రాత్రీ పగలూ పనిచేస్తాయి. టెలీ మానస్‌లో తెలుగులో మాట్లాడవచ్చు.
- ఇంట్లో మాట్లాడేది ఎవరన్న నిర్ణయం. అమ్మా నాన్నా ఇద్దరూ చెరోవైపు కూర్చుని అడిగితే అది పోలీసు విచారణలా ఉంటుంది. పిల్లాడు ఎవరి దగ్గర ఎక్కువ మాట్లాడతాడో వాళ్ళే అడగాలి. అది బాబాయో, పెద్దక్కో అయినా సరే.

1. అడిగే ముందు గమనించండి

రెండు మూడు రోజులు ఏమీ అడక్కండి. నిద్ర ఎలా ఉంది, తిండి ఎలా ఉంది, ఫోన్ మోగితే ముఖం ఎలా మారుతోంది, అంతే చూడండి. వేధింపు మొదట ఒంట్లో బయటపడుతుంది. బయలుదేరే రోజు దగ్గరపడేకొద్దీ కడుపునొప్పి, తలనొప్పి, వాంతులు, రాత్రి ఉలిక్కిపడి లేవడం. ఇవి నటన అనుకోవద్దు. భయంతో వచ్చే నొప్పి కూడా నిజమైన నొప్పే.

తర్వాత పెట్టె తెరిచి సర్దే నెపంతో చూడండి. ఇక్కడ తెలిసేది ఇంకెక్కడా తెలియదు. నెలకు సరిపడా ఇచ్చిన సబ్బులు, సర్ఫ్ పది రోజుల్లో అయిపోతున్నాయా? అంటే వేరేవాళ్ళ బట్టలు కూడా ఉతుకుతున్నాడేమో. బకెట్ రెండోసారి పోయిందా? ఆవకాయ సీసా వారానికే ఖాళీనా? పాకెట్ మనీ ఎందుకు చాలట్లేదో సరిగ్గా చెప్పలేకపోతున్నాడా? రికార్డుల్లో వేరే చేతిరాత, లేదా వీడి చేతిరాతతో వేరేవాళ్ళ రికార్డులు ఉన్నాయా? ఒక్కొక్కటి విడిగా ఏమీ కాదు. మూడు నాలుగు కలిస్తే మాత్రం రెండో మెట్టుకి వెళ్ళండి.

మార్కుల్ని మాత్రం మొదటి గుర్తుగా పెట్టుకోవద్దు. వీకెండ్ టెస్టులో మార్కులు తగ్గి కింది సెక్షన్‌కి మారిన పిల్లాడు వేధింపు వల్ల తగ్గాడా, తగ్గినందుకే వేధిస్తున్నారా అన్నది మొదట్లో తేలదు. రెండూ జరుగుతాయి.

2. మాట్లాడించండి

అన్నిటికన్నా కష్టమైన మెట్టు ఇది, అందరూ తడబడేదీ ఇక్కడే. పిల్లాడు మొదటిసారి నోరు విప్పినప్పుడు మీ ముఖం ఎలా మారిందన్నదాన్ని బట్టి, రెండోసారి విప్పుతాడా లేదా అన్నది తేలిపోతుంది.

ఎదురెదురుగా కూర్చోబెట్టవద్దు. కళ్ళలోకి చూడక్కర్లేని చోటు వెతకండి. బండి మీద వెనక కూర్చోబెట్టుకుని ప్రకాశం బ్యారేజీ మీదుగా నెమ్మదిగా వెళ్ళండి. పొలం గట్టు మీద నడవండి. రాత్రి లైట్లు తీసేశాక పక్కన పడుకుని మాట్లాడండి. ముఖం కనిపించకపోతే సగం సిగ్గు పోతుంది.

"నిన్నెవరైనా ఏడిపిస్తున్నారా?" అని అడిగితే "లేదు" అనే వస్తుంది. ఆ మాట ఒప్పుకుంటే తను చేతకానివాడినని ఒప్పుకున్నట్టు వాళ్ళ లెక్క. రోజు ఎలా గడుస్తుందో అడగండి:

- "మీ రూంలో ఎంతమంది? ఎవరెక్కడ పడుకుంటారు? బొమ్మ గీసి చూపించు."
- "మెస్‌లో ఎవరి పక్కన కూర్చుంటావు?"
- "స్టడీ అవర్ అయ్యాక లైట్లు ఆర్పేదాకా ఏం చేస్తారు?"
- "పొద్దున బాత్రూం దగ్గర నీ వంతు ఎప్పుడొస్తుంది?"

ఈ చోట్లే ఎందుకంటే, అక్కడ వార్డెన్ ఉండడు. ఏదైనా జరిగేది పెద్దవాళ్ళు లేని పావుగంటల్లోనే. జవాబు తడబడిన చోట ఆగి, "అక్కడ ఏమవుతుంది?" అని మెల్లగా అడగండి. చెప్పకపోతే వదిలేయండి, మర్నాడు మళ్ళీ బండి తీయండి.

అనకూడని మాటలు ఇవి. "నువ్వేం చేశావు ముందు?" "మగపిల్లాడివి, నువ్వూ రెండు పీకు." "మా రోజుల్లో ఇవన్నీ మామూలే." "రెండేళ్ళు కళ్ళు మూసుకుంటే అయిపోతుంది." ఈ చివరి మాట మన జిల్లాల్లో దాదాపు ప్రతి ఇంట్లోనూ వినిపిస్తుంది. పదహారేళ్ళ పిల్లకి రెండేళ్ళంటే ఎంతో మనం మర్చిపోయాం. పైగా అవి అయిపోవు కూడా. బ్రిటన్‌లో 1958లో ఒకే వారంలో పుట్టిన వేలమందిని పెద్దయ్యేదాకా గమనిస్తూ వచ్చారు. చిన్నప్పుడు తరచూ వేధింపులకు గురైనవాళ్ళలో దిగులు, ఆందోళన నలభై అయిదో ఏట కూడా మిగతావాళ్ళకన్నా ఎక్కువగా ఉన్నాయి.

ఇక "రేపే వచ్చి వాళ్ళ సంగతి తేలుస్తా" అనే నాన్నలు. ప్రేమతోనే అంటారు, కాదనను. కానీ పిల్లాడికి వినపడేది వేరు: నాన్న వచ్చి అరిచి వెళ్ళిపోతారు, ఆ రాత్రి వాళ్ళతో అదే గదిలో ఉండాల్సింది నేను. అందుకే మర్నాడు మాట మార్చేస్తాడు, "అదేం లేదు నాన్నా, ఊరికే అన్నాను" అని.

అనవలసినవి తక్కువే. "చెప్పి మంచి పని చేశావు." "తప్పు నీది కాదు." "ఏం చేసినా నీకు చెప్పాకే చేస్తాను." ఎవరికీ చెప్పనని మాత్రం ఒట్టు వేయొద్దు. రేపు ప్రిన్సిపాల్‌కి చెప్పాల్సి వస్తే మాట తప్పినవాళ్ళవుతారు.

పిల్లలు ఇప్పటికే హాస్టల్లో ఉంటే ఫోన్లో అడిగి లాభం లేదు. ఫోన్ ఇన్‌ఛార్జి గదిలో ఉంటుంది, వెనక పదిమంది వరసలో నిలబడి ఉంటారు. వచ్చే ఔటింగ్‌లో ఒక గుర్తుమాట అనుకోండి. "పచ్చడి అయిపోయింది" అంటే రమ్మని అర్థం. ఆ మాట వింటే కారణం అడక్కుండా బయలుదేరండి. ఒక్కసారి వెళ్ళకపోయినా ఆ మాటకి విలువ పోతుంది.

3. ప్రాణానికి ప్రమాదం ఉందేమో తేల్చుకోండి

ఈ మెట్టు దాటేయవద్దు. సూటిగా అడగండి: "చచ్చిపోవాలని ఎప్పుడైనా అనిపించిందా?" అడిగితే లేని ఆలోచన పుడుతుందని భయపడతారు. పుట్టదు. అడిగినవాళ్ళు ఉన్నారన్న ధైర్యమే పుడుతుంది.

అవునంటే, లేదా చేతుల మీద కోసుకున్న గీతలు కనిపిస్తే, ఇష్టమైన వస్తువులు పంచిపెట్టేస్తుంటే, ఆ రోజు ఒంటరిగా వదలొద్దు. హాస్టల్‌కి తిరిగి పంపొద్దు, పరీక్ష ఉన్నా సరే. పత్తి, మిర్చి పండించే ఇళ్ళలో పురుగుమందు డబ్బాలు వసారాలోనే ఉంటాయి. వాటిని ఆ పూటే ఇంట్లోంచి తీసి వేరేచోట తాళం వేయండి, మందుబిళ్ళలు కూడా. 14416కి ఫోన్ చేయండి. గుంటూరు, విజయవాడ ప్రభుత్వ సర్వజనాసుపత్రులు రెండింట్లోనూ మానసిక వైద్య విభాగం ఉంది. ఏదైనా తాగాడని, మింగాడని అనుమానం వస్తే 108. "నలుగురికీ తెలుస్తుంది" అన్న ఆలోచన తర్వాత.

4. రాసి పెట్టండి

"రోజూ కొడుతున్నారండీ" అంటే ప్రిన్సిపాల్ "కనుక్కుంటామండీ" అంటారు, అక్కడితో సరి. పిల్లాడు చెప్పింది ఇలా రాయండి:

"ఆదివారం రాత్రి సుమారు పదిన్నర. రెండో అంతస్తు బాత్రూంలు. ఫలానా ఇద్దరు బయట గొళ్ళెం పెట్టి లైటు ఆర్పారు. పది నిమిషాల తర్వాత తీశారు. పక్క రూం అబ్బాయి చూశాడు. ఆ రాత్రి నిద్ర పోలేదు, మర్నాడు టిఫిన్ తినలేదు."

ఎప్పుడు, ఎక్కడ, ఎవరు, ఏం చేశారు, ఎవరు చూశారు, తర్వాత ఏమైంది. తిట్టిన మాటల్ని మర్యాద కోసం మార్చకండి, అన్నది అన్నట్టే రాయండి. కులం పేరుతో అన్న మాటయితే మరీనూ. దానికి చట్టం వేరే ఉంది. దెబ్బలుంటే వెలుతుర్లో ఫోటో తీయండి, డాక్టరుకి చూపించి చీటీ రాయించుకోండి.

వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్‌లో జరిగితే చాలామంది కోపంలో అన్నీ డిలీట్ చేసేస్తారు. ముందు తేదీ, ఖాతా పేరు కనిపించేలా స్క్రీన్‌షాట్ తీయాలి, తర్వాత రిపోర్ట్ కొట్టాలి, ఆ తర్వాతే బ్లాక్. ఒక హెచ్చరిక: పిల్లల నగ్న ఫోటో, వీడియో ఏదైనా ఉంటే సాక్ష్యం కోసమైనా మీరు ఎవరికీ ఫార్వర్డ్ చేయొద్దు, అది కూడా నేరమే. ఫోన్‌ని అలాగే పోలీసులకు చూపించండి, లేదా జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్లో ఫిర్యాదు చేయండి. పద్దెనిమిదేళ్ళలోపు వాళ్ళ చిత్రాలు నెట్‌లో వ్యాపించకుండా ఆపేందుకు "టేక్ ఇట్ డౌన్" అనే ఉచిత సేవ ఉంది. చిత్రాన్ని ఎవరికీ పంపక్కర్లేకుండానే అది పనిచేస్తుంది.

5. కాలేజీకి వెళ్ళండి

మీ ఊరొచ్చి అడ్మిషన్ చేయించుకెళ్ళిన పీఆర్వోకి ఫోన్ చేయకండి. ఆయన చాలా మర్యాదగా మాట్లాడతారు, చేతిలో ఏమీ ఉండదు. వార్డెన్ దగ్గర కూడా మొదలుపెట్టకండి. ఆయన కళ్ళముందే జరిగినదాని గురించి ఆయనకే ఫిర్యాదు చేస్తే ఏమవుతుందో ఊహించుకోండి. నేరుగా ప్రిన్సిపాల్. విజిటింగ్ డే రద్దీలో కాకుండా మామూలు రోజు పొద్దున వెళ్ళండి. ఇద్దరు చాలు, బంధువులందరితో జీపు కట్టించుకుని వెళితే మాట్లాడాల్సింది పోయి అరుపులు మొదలవుతాయి.

కాగితం మీద ఇలా ఇవ్వండి:

"గౌరవనీయులైన ప్రిన్సిపాల్ గారికి, మీ కళాశాల హాస్టల్లో ఉంటూ జూనియర్ ఇంటర్ చదువుతున్న మా అబ్బాయిని గత కొన్ని వారాలుగా తోటి విద్యార్థులు వేధిస్తున్నారు. తేదీలవారీ వివరాలు జతపరిచాను. దయచేసి (1) ఈ రోజే వేధిస్తున్నవారిని మా అబ్బాయి గదినుంచి మార్చాలని, (2) స్టడీ అవర్ తర్వాత, బాత్రూంల దగ్గర సిబ్బందిని ఉంచాలని, (3) మా అబ్బాయి ఎప్పుడైనా వెళ్ళి చెప్పుకోగల ఒక అధ్యాపకుడి పేరు తెలపాలని, (4) కౌన్సెలర్‌తో మాట్లాడించాలని కోరుతున్నాను. తీసుకున్న చర్యలను వారంలోగా రాతపూర్వకంగా తెలియజేయగలరు."

రెండు కాపీలు తీసుకెళ్ళి, ఒకదాని మీద తేదీతో సంతకం, స్టాంపు వేయించుకోండి. వేయకపోతే గొడవ పడొద్దు, బయటికొచ్చి అదే ఉత్తరం రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. కౌన్సెలర్ లేరంటే, వందమంది, ఆపైన విద్యార్థులున్న విద్యాసంస్థ అర్హత ఉన్న కౌన్సెలర్‌ని పెట్టాలని 2025 జులైలో సుప్రీంకోర్టు చెప్పిందని గుర్తు చేయండి. విశాఖలో హాస్టల్లో ఉండి నీట్‌కి చదువుతున్న అమ్మాయి మరణం మీద నడిచిన కేసు అది. టెలీ మానస్ లాంటి నంబర్లు హాస్టల్లో, క్లాసుల్లో పెద్ద అక్షరాలతో కనిపించాలని కూడా అందులోనే ఉంది. గోడలు చూస్తే తెలిసిపోతుంది.

ఒప్పుకోకూడనివి రెండు. ఒకటి, అందర్నీ ఆఫీసులోకి పిలిపించి "షేక్‌హ్యాండ్ ఇచ్చుకోండిరా" అనే రాజీ. సమఉజ్జీల గొడవకి అది పనికొస్తుంది, ఇక్కడ బలం అంతా ఒకవైపే ఉంది. ఆ గదిలో నవ్వి, రాత్రికి లెక్క తేలుస్తారు. రెండు, మీ పిల్లాడినే వేరే బ్రాంచికి మార్చేస్తామనడం. పిల్లాడు తనంతట తను అడిగితే సరే. లేకపోతే శిక్ష వాడికి పడ్డట్టే.

6. కదలిక లేకపోతే

వారం చూసి పైకి వెళ్ళండి. స్కూలైతే డీఈవో (జిల్లా విద్యాశాఖాధికారి), ఇంటర్ అయితే ఇంటర్ బోర్డు జిల్లా అధికారి. సోమవారం కలెక్టరేట్లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇస్తే నంబరు వస్తుంది, తర్వాత ప్రభుత్వ హెల్ప్‌లైన్ 1100కి ఫోన్ చేసి ఎంతవరకు వచ్చిందో అడగవచ్చు. 1098కి పిల్లలే ఫోన్ చేసినా తీసుకుంటారు. డిగ్రీ, ఇంజినీరింగ్ వాళ్ళకు యూజీసీ ర్యాగింగ్ వ్యతిరేక హెల్ప్‌లైన్ 1800-180-5522 ఉంది.

ర్యాగింగ్ అంటే యూనివర్సిటీల సంగతేనని చాలామంది అనుకుంటారు. 2015లో నాగార్జున యూనివర్సిటీ విద్యార్థిని మరణంతో ఇక్కడ ఆ మాట ఇంటింటా వినబడింది కదా, అందుకేనేమో. నిజానికి 1997 నాటి ఆంధ్రప్రదేశ్ ర్యాగింగ్ నిషేధ చట్టం హాస్టళ్ళకూ, ట్యుటోరియల్ సంస్థలకూ వర్తిస్తుంది. అవమానించడం, భయపెట్టడం కూడా అందులోకి వస్తాయి. ఎగతాళి, అవమానాలకే ఆరు నెలల దాకా జైలు ఉంది, ఫిర్యాదు మీద చర్య తీసుకోని సంస్థ అధిపతి ఆ నేరానికి ప్రోత్సహించినట్టు లెక్క. ప్రిన్సిపాల్ దగ్గర ఈ ఒక్క వాక్యం మెల్లగా అంటే చాలు. మొదటి రోజే బెదిరింపుగా వాడకండి.

గాయాలు, డబ్బు గుంజడం, లైంగికంగా తాకడం జరిగితే వారం ఆగడం లేదు. నేరుగా పోలీస్ స్టేషన్. లైంగికమైనదైతే పోక్సో చట్టం కింద పిల్లల పేరు బయటికి రాకూడదు. ఏడిపించినవాళ్ళూ మైనర్లయితే వాళ్ళ కేసు జువైనల్ జస్టిస్ బోర్డుకి వెళుతుంది, "పాపం వాళ్ళ జీవితం జైల్లో పోతుందేమో" అని వెనకాడక్కర్లేదు.

7. తగ్గిందో లేదో చూసుకోండి

"ఇప్పుడు బాగానే ఉందా?" "బాగుంది." దీన్ని ఫలితం అనుకుని వదిలేయడం అందరూ చేసే పొరపాటు. పిల్లలు మనం ఊపిరి పీల్చుకోవాలని కూడా "బాగుంది" అంటారు.

నిద్ర, తిండి మొదట మెరుగుపడాలి, రెండు మూడు వారాల్లో. తర్వాత మాటల్లో కొత్త పేరు ఒకటి రావాలి, "మా వాడు" అని ఎవరినైనా చెప్పాలి. ఒక్క స్నేహితుడు చాలు. వేధింపు పిల్లల్ని ఒంటరిని చేస్తుంది కాబట్టి అది తగ్గిందనడానికి ఇంతకన్నా మంచి గుర్తు నాకు తెలియదు. మార్కులు అన్నిటికన్నా వెనక కోలుకుంటాయి. ఈలోగా ర్యాంకు గురించి అడిగితే మీరు ఇన్నాళ్ళూ మాట్లాడింది దేనికోసమో వాడికి అనుమానం వస్తుంది.

ఆ వారం ఎలా గడిచిందో, దానికి పదికి ఎన్ని మార్కులు ఇస్తాడో ఫోన్లో అడగండి. "ఈ వారం ఎన్ని?" "ఆరు." పక్కన ఎవరున్నా చెప్పగలిగే జవాబు అది. నోటుబుక్కులో రాసుకోండి. నాలుగు నుంచి ఆరుకి వచ్చి మళ్ళీ మూడుకి పడితే పచ్చడి కోసం ఆగకుండా వెళ్ళి చూడండి.

రూపం మారిందేమో కూడా చూడాలి. కొట్టడం ఆగి, అందరూ మాట్లాడటం మానేసి ఉండొచ్చు. సబ్బుల లెక్క మళ్ళీ చూడండి. రూములు మార్చినప్పుడు, సెక్షన్లు కలిపినప్పుడు, ప్రతి సెలవుల తర్వాత మొదటి వారం మళ్ళీ మొదలయ్యే సమయాలు.

రెండు నెలలకీ మార్పు లేకపోతే మార్చేయండి. ఫీజు పోతుంది, నిజమే. ఆవేశంలో పిల్లాడిని తీసుకొచ్చేసి తర్వాత కాగితాల కోసం తిరగడం కంటే, ముందే టీసీ, స్టడీ సర్టిఫికెట్, టెన్త్ మెమో కావాలని రాసిచ్చి, చేరబోయే చోట సీటు మాట్లాడుకుని కదలండి. ఇంటి నుంచి బస్సులో వెళ్ళొచ్చే మామూలు కాలేజీ ఉంటే దాన్నీ లెక్కలోకి తీసుకోండి.

ఫోన్ అటునుంచి వస్తే

"మీవాడే ఏడిపిస్తున్నాడు" అని ఒకరోజు మీకే ఫోన్ రావచ్చు. "మావాడు అలాంటివాడు కాదు" అని పెట్టేయొద్దు. వివరాలు రాసుకుని, "కనుక్కుని రేపు ఇదే టైంకి చేస్తానండీ" అని చెప్పి, చేయండి. బెల్టు తీయొద్దు, కొడితే బలమున్నవాడిదే రాజ్యమని మీరే మళ్ళీ నేర్పినట్టు. ఏం చేశావో నీ నోటితో చెప్పు అనండి, పాడుచేసిన వస్తువుకి వాడి పాకెట్ మనీలోంచే కట్టించండి. వాణ్ణి కూడా ఎవరైనా ఏడిపించారేమో అడగండి. రెండువైపులా ఉండే పిల్లలు చాలామందే ఉంటారు, అందరికన్నా ఎక్కువ దెబ్బతినేదీ వాళ్ళే. వాళ్ళకీ 14416 ఉంది.